కుడి కిటికీలో ఆకాశం

విమానం తిరుత్తణి కొండ దాటి తిరువళ్లూరు వైపు దిగుతోంది. ఉన్నట్టుండి మోనిషా కంట్రోలు వదిలేసి చేతులు వెనక్కి తీసుకుంది.

"కుడిపక్క ఎవురో ఆడమనిషి ఉండాదక్కా. నన్నే చూస్తా ఉంది."

"ఆడ ఆకాశం తప్ప ఏమీ లేదు. నువ్వు రన్‌వే చూడు," అంది నిత్య.

అది నిజమైన విమానం కాదు. తిరువళ్లూరు శివార్లలో ఒక రేకుల షెడ్డులో, పైలట్ల శిక్షణ కోసం కట్టిన సిమ్యులేటర్. ఖరీదైన ప్రొజెక్టర్లకు బదులు మామూలు టీవీలు మూడింటిని కిటికీలుగా బిగించారు. పిల్లలు గేములాడుకునే కంప్యూటరే ఊళ్లనూ చెరువులనూ మబ్బులనూ గీస్తుంది. ఆ దృశ్యాల పని నిత్యది.

మోనిషా కంటే ముందు నడిపిన మరో ఇద్దరు ఆ ముఖాన్ని చూశారు. నడివయసు. నుదుట పెద్ద బొట్టు. ఆకాశం తేటగా ఉన్నప్పుడే లీలగా తేలేది. మబ్బు పడితే మాయం.

నిత్య రోజూ పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, ఒక్కతే కూర్చుని మిషను నడిపి చూసుకునేది. ఆ ఇద్దరూ చూసినప్పటినుంచి, తర్వాత ఆకాశం నిండా మబ్బులు పెట్టేది. మోనిషా నడిపిన రోజు పెట్టడం మరిచిపోయింది.

సంగతి విని యజమాని పార్థిబన్ వచ్చాడు. కుడి కిటికీ ముందు నిలబడి చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"దెయ్యమో, టీవీ చెడిపోయి వచ్చిన కోళారో నాకు తెల్దు. రేపు పైలట్ల స్కూలువాళ్లు మిషను చూసేదానికి వస్తా ఉండారు. దీన్ని ఊడదీసి పారేయి నిత్యా."

"మబ్బులు పెడితే కనపడదు సార్."

"ఎన్నాళ్లని మబ్బుల్లోనే తిప్పేది? కొత్త టీవీ తెప్పిస్తా."

నిత్య స్క్రూలు ఒక్కొక్కటే విప్పింది. తీగ పీకే ముందు ఆకాశాన్ని ఇంకోసారి తేటగా చేసింది. ముఖం వచ్చింది. నిత్య దాన్నే చూస్తూ నిలబడింది.

గుమ్మం దగ్గర్నుంచి మోనిషా అడిగింది. "నీకు బయం లేదా అక్కా?"

"లేదు," అంది నిత్య. టీవీని పాత దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని ఆటో ఎక్కింది.

తిరుత్తణి కొండమీద ఆడి కృత్తిక తిరునాళ్ల జనంలో తప్పిపోయిన తన తల్లి ఫోటోను ఆ కొండ మెట్ల దగ్గర ఒక టీవీలో పదకొండు నెలలపాటు రాత్రింబవళ్లు చూపించి చూపించి, ఆ ముఖం తెరలోనే అచ్చుపడిపోయాక, ఆ టీవీని తెచ్చి కుడి కిటికీకి బిగించింది నిత్యే.