ఏ మీట?

"ఈ మీట, ఆ మీట ఒకటేనా సారూ?"

కుప్పమ్మ బల్ల మీద కాగితం పరిచి రెండు చోట్ల వేలు పెట్టింది.

చిత్తూరులో వ్యవసాయ మోటార్లు అమ్మే ఆ ఆఫీసులో గంగాధరం గుమాస్తా. మోటారుతో పాటు రైతులకిచ్చే ఆ సూచనల కాగితాన్ని ఇంగ్లీషులోంచి తెలుగులో రాసింది అతనే.

"ఎందుకమ్మా?"

"మాది పుత్తూరు పక్కన పల్లె. స్టార్టర్‌లో చీమలు దూరి మోటారు ఆడలేదు. మా ఇంటాయన ఎల్లప్ప కాయితంలో ఉండేట్టే మీట ఆపి, మూత తీసినాడు. కరెంటు పట్టేసింది. పోయి మూడు వారాలయింది."

గంగాధరం కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"ఏ మీట ఆపినాడు?"

"స్టార్టర్ మీదుండే ఎర్రది."

"గోడ మీది మెయిన్ స్విచ్చి?"

"దాన్ని ముట్టుకోలేదు. మెయిన్ అని ఇందులో యాడుండాది సారూ?"

లేదు. మొదటి పేజీలో మోటారును మాత్రమే ఆపే, స్టార్టర్ మీది ఎర్ర బొత్తాన్ని మీట అన్నాడు. రెండో పేజీలో, మూత తీసేముందు కరెంటు రాకుండా ఆపాల్సిన మెయిన్‌ను కూడా మీటే అన్నాడు. ఇంగ్లీషులో రెండింటికీ వేరు వేరు పేర్లున్నాయి. పల్లెవాళ్ళకు సులువుగా ఉంటుందని తనే ఒక మాటతో సరిపెట్టాడు. తేట తెలుగులో రాశావని యజమాని మెచ్చుకున్నాడు కూడా.

లోపలి గదిలో యజమాని మాటలు ఆగిపోయాయి. వింటున్నాడు.

"గొడవ పడేదానికి రాలేదు సారూ. పోలీసుల దగ్గరికీ పోను," అంది కుప్పమ్మ. "తప్పు కాయితంలో ఉండాదా, సదవడంలో ఉండాదా, అదొక్కటి సెప్పండి. అది తెలీక అన్నం గొంతు దిగడం లేదు."

నిజం చెబితే ఉద్యోగం ఉండదు. పోయిన మనిషిని తప్పుపడితే ఆయనకు కొత్తగా కలిగే కష్టం ఏముంది అనుకున్నాడు గంగాధరం.

"కాగితం సరిగ్గానే ఉందమ్మా. చదివినవాళ్ళే పొరపాటు పడినారు."

కుప్పమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

రేపే ఒక్కో వస్తువుకు ఒక్కో పేరు పెట్టి కొత్త కాగితం అచ్చు వేయించాలని గంగాధరం నిశ్చయించుకున్నాడు. ఆమె ముఖం చూడలేక, ఏదో ఒకటి అనాలని అన్నాడు.

"ఊరుకో అమ్మా. చదువు వచ్చిన మీ ఆయనే పొరబడితే ఎవరేం చేస్తారు?"

"ఆయనకు సదువు రాదు సారూ, సదివి సెప్పింది నేనే."