అరుగు మీద చోటు

"అరుగు దిగు మాణిక్యం. నీ సోటు వాకిట్లో," అన్నాడు వైకుంఠరావు.

పొద్దున్నుంచి మద్రాసు రేడియోలో సంగీత కచేరీలు వస్తున్నాయి. టెక్కలిలో రేడియో ఉన్నది ఆయనకే. పెద్దమనుషులంతా ఆయన అరుగు మీద చేరారు. ఒకప్పుడు భోగం మేళంలో పాడిన మాణిక్యం వచ్చి వాళ్ల సరసన కూర్చుంది.

"ఇప్పుడు పాడతన్నది నా కూతురు బాబూ. దాని గొంతు మీ ఇంట్లోకి రావొచ్చు గానీ, దాన్ని కన్న నాను అరుగెక్కకూడదేటి?"

"దిగకపోతే రేడియో కట్టేత్తాను."

"కట్టీండి. నాను మాత్రం దిగను."

వైకుంఠరావు రేడియో మీట మీద చెయ్యి వేశాడు.

తలుపు చాటున పాట వింటున్న ఆయన భార్య నారాయణమ్మ చాప పట్టుకుని బయటికి వచ్చింది. మగవాళ్లుండగా ఆమె ఏనాడూ ఆ గడప దాటలేదు. అరుగు మీదే చాప పరిచి, మాణిక్యం చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"లోపలికెళ్లు," అన్నాడు వైకుంఠరావు గొంతు తగ్గించి.

"పాటయ్యాక ఎల్తాను. ముందు ఆ సెయ్యి తియ్యండి. పిల్ల పాడతంది."

వైకుంఠరావు చెయ్యి తీసేశాడు. మిగిలిన పాటంతా ఆయన నిలబడే విన్నాడు.