రెండు గుంజల మధ్య

"ఒరేయ్, తాడు ఇటు విసురు, పట్టుకుంటా!" రేవు గట్టు మీంచి అరిచాడు ఎగోన్.

"నీ చేతులు నీ జేబుల్లో పెట్టుకో!" పడవలోంచి అంతకంటే గట్టిగా అరిచాడు థోర్వాల్డ్.

ఎనభై ఒక్కేళ్ల మనిషి. తెరచాప దించేసి, చుక్కాని తొడకు ఆనించి, ఒక్కడే నిలబడ్డాడు. నీళ్లలో పాతిన రెండు గుంజల మధ్య నుంచి పడవను లోపలికి తెచ్చి గట్టుకు కట్టాలి. గాలేమో పక్కనుంచి తోస్తోంది. నిరుడు రెండుసార్లు గుంజకు గీరుకుంది. మూడోసారి గీరుకుంటే పడవ అమ్మేస్తానని కూతురు లోనెకు మాటిచ్చాడు.

"నాన్నా, మోటారు తగ్గించు!" గట్టు మీద లోనెకు కాలు నిలవడం లేదు.

"నువ్వు పుట్టకముందు నుంచీ కడుతున్నానే!"

పక్క పడవ ఎగోన్‌ది. రెండింటికీ మధ్య గుంజ ఒక్కటే. చలికాలం మంచుకు గుంజలు కదిలిపోతే, వసంతంలో రేవువాళ్లంతా కలిసి మళ్లీ దిగ్గొడతారు. మోకాలి నొప్పితో ఈసారి ఆ పనికి థోర్వాల్డ్ రాలేదు.

"ఇవాళ్టితో నీ పని సరి. ఆ పడవేదో నాకమ్ము, కోళ్లగూడు చేసుకుంటా," అన్నాడు ఎగోన్.

థోర్వాల్డ్ గాలివైపు గుంజకు ఉచ్చు విసిరాడు. పడింది. తాడు వదులుతూనే రెండో గుంజకు ఇంకోటి. అదీ పడింది. పడవ ఎక్కడా ఒరుసుకోకుండా లోపలికి జారింది. ఆయన ముందుకు నడిచి, గట్టు మీదికి ఒక్క అంగ వేసి, తాడును రింగుకు ముడేశాడు.

గట్టు మీద కాఫీలు తాగుతున్న రేవువాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. లోనె కళ్లు తుడుచుకుని తండ్రిని కావలించుకుంది. ఆ క్షణాన ముసలాయనకు భూమ్మీద కాలు ఆనలేదు.

"అమ్మేదేం లేదు! తొంభై దాకా నేనే కడతా!" అని, ఎగోన్ పడవ వైపు తిరిగాడు. "ఏరా, నీ పడవకు రెండు వైపులా ఆ గీతలేంటి? వారంలో మూడుసార్లు గుద్దావటగా! ముసలాడివైపోయావురా."

"అవున్రా, చూపు ఆనడం లేదు," అంటూ ఎగోన్ అతనికి కాఫీ పోసిచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ నోరు మెదపలేదు.

మార్చిలో ఆ మధ్య గుంజను రెండు జానలు తన వైపుకు జరిపి పాతించింది ఎగోనే.