పలక వీపు

ఒత్తావియో వడ్రంగి దుకాణంలో మాట ముందు పుట్టేది, పని తర్వాత పుట్టేది.

ఆ రోజు బల్ల మీద ఆరు చెక్క పలకలున్నాయి. కొండమీది ప్రార్థన మందిరం గోడకు బిగించాలి. వాటిమీద అతికించమని ఫాదర్ ఫౌస్తో పంపినవి ఆరంటే ఆరే అక్రోటు వెనీర్ రేకులు. కాగితమంత పలచని చెక్క పొరలు, ఒకే చెట్టువి.

కాంటూ ఊళ్ళో గిరాకీ అంతా ఫ్యాక్టరీలు తన్నుకుపోయాక మిగిలిన పని ఇదొక్కటే. ఇది చెడితే దుకాణానికి తాళమే.

నలిగిన కోటు వేసుకున్న ముసలాయన ఒకడు గడపలో నిలబడి చూస్తున్నాడు.

"పని కోసమా, పెద్దాయనా?"

"కాదు. వెనక వైపు కూడా రేకు వేస్తున్నారా?"

"గోడకు ఆనే వైపు ఎందుకయ్యా? ఎవరు చూస్తారు, గోడా?"

పనివాడు నేవియో నవ్వాడు. చొక్కా ముందుభాగం మాత్రం ఇస్త్రీ చేసి పైన కోటు తొడుక్కునే ఊరు మరి.

"జిగురు ఆరేటప్పుడు రేకు లాగుతుంది," అన్నాడు ముసలాయన. "రెండో వైపు కూడా అంతే బిగువుగా లాగేది ఉండాలి. లేకపోతే పలక వంగిపోతుంది. అదీ ఆ చెట్టుదే అయితే..."

"వంక పెట్టడానికొచ్చి వంకర అంటున్నావా? నీ నడుం వంగిందని నా పలకలూ వంగాలా?"

నేవియో బల్ల పట్టుకుని మరీ నవ్వాడు.

"నా మాట కాస్త వినండి. ఆ చెట్టు..."

"చెట్టు సంగతి చెట్టుకే చెప్పుకో. ఇక్కడున్నది చెక్క. నువ్విక చెక్కెయ్."

ముసలాయన దగ్గరికొచ్చి రేకు మీద ఒక్కసారి అరచెయ్యి ఆనించాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ముందు వైపు మాత్రమే రేకు అతికించి, ప్రెస్‌లో నొక్కి తీసిన రోజు పలకలు అద్దాల్లా మెరిశాయి.

నాలుగో రోజుకు ఆరూ దోనెల్లా వంగాయి. బరువులు పెట్టి సరిచేయబోతే మొదటిది నిలువునా చిట్లింది. రెండోదీ అంతే.

ఒత్తావియోకు ఒక్క మాటా పుట్టలేదు. ఫాదర్‌కు ఫోన్ చేశాడు.

"ఫాదర్, ఆ చెట్టు రేకులు ఇంకేమన్నా ఉన్నాయా?"

"ఇంకో ఆరు ఉండేవి. వెనక వైపుకు ఇస్తానని చెప్పడానికి ఆ రేకులిచ్చినాయనే మీ దగ్గరికి వచ్చాడుగా?"

"ఎవరూ రాలేదే..." ఒత్తావియో గడప వైపు చూశాడు. "ఆ పాత కోటాయనా? ఇప్పుడే బయల్దేరతాను ఫాదర్. కాళ్ళు పట్టుకునైనా తెచ్చుకుంటాను."

"లేవు నాయనా. వెనక వైపుకు అక్కర్లేదట అని ఆ సాయంత్రమే పొయ్యిలో పెట్టేశాడు."

నేవియో చిట్లిన పలకను చూడలేక గోడవైపు తిప్పి పెట్టాడు.

"ఎవరు ఫాదర్, ఆయన?" అని అడిగాడు ఒత్తావియో.

"కొడుకు పుట్టిన రోజున ఆ చెట్టు నాటినవాడు. మొన్న చలికాలం ఆ కొడుకు లోయలో పడి పోయాక, వాడి పేరున మందిరానికిద్దామని దాన్ని తన చేత్తోనే నరికినవాడు."