బస్సు వాసన పట్టే సైరన్

"అంకుల్, ఇది నడవది," అంది హర్షిణి.

కొత్త కంప్యూటర్ తెర మీద నాలుగోసారి అదే మాట వచ్చింది. ఈ ప్రోగ్రాం ఇందులో పనిచేయదు, తయారుచేసిన వాళ్లను అడగండి అని.

"తయారుచేసినోళ్లు దుకాణం బందువెట్టి పదిహేనేండ్లాయె," అన్నాడు బర్నబా తాపీగా. "ఇప్పుడు వాళ్లను యాడ అడగాలె బిడ్డా, సమాధుల తోటలనా?"

పాశమైలారంలోని ఆ మందుల ఫ్యాక్టరీకి టైమాఫీసు అంటే గేటు పక్కన అగ్గిపెట్టెంత గది. గదికి సరిపడా బల్ల, బల్ల మీద తాతల నాటి కంప్యూటర్, దాని ముందు ఇరవై రెండేళ్లుగా కదలని బర్నబా. ఆ కంప్యూటర్ చేసే పని ఒక్కటే. ఫ్యాక్టరీ కప్పు మీది సైరన్ మోగించడం. అది మోగితేనే షిఫ్టు దిగినట్టు, అది మోగితేనే గేటు తెరిచినట్టు. సాయంత్రం ఆరయ్యేసరికి ప్యాకింగులో పనిచేసే అరవై మంది ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకుని గేటు లోపల నిలబడి ఉంటారు. రుద్రారం అవతలి ఊళ్లకు వాళ్లను తీసుకుపోయే బస్సు అదే సమయానికి అటూ ఇటూగా మలుపు తిరిగి, గేటు ముందు ఆగీ ఆగనట్టు ఆగి పోతుంది. అది తప్పితే మళ్లీ ఎనిమిదింటికే.

ఇప్పుడు హెడ్డాఫీసు నుంచి హుకుం వచ్చింది. పాత కంప్యూటర్లన్నీ తీసేయాలి. కొత్త వాటిలో నడవని ప్రోగ్రాంలు చెత్తబుట్టకు పోవాలి. సైరన్ ప్రోగ్రాం కూడా నడవకపోతే సైరన్‌ను ఇకమీదట హెడ్డాఫీసే అక్కడి గడియారం ప్రకారం మోగిస్తుంది. ఈ గదికి తాళం పడుతుంది.

ఈ సంగతి మేనేజరు త్రినాథరావు పొద్దున గేటు దగ్గర అందరికీ చదివి వినిపించాడు. ప్యాకింగులో పెద్దమనిషి లాంటి వనజ ముందుకొచ్చి, బస్సు ఒకనాడు ఆరుకు ముందే వస్తుందనీ, ఒకనాడు ఆరు దాటాక వస్తుందనీ, గడియారం ముల్లు చూసి గేటు తీస్తే సగం రోజులు తాము చీకట్లో రోడ్డు మీద పడి ఉండాల్సిందేననీ చెప్పింది. బస్సు సంగతి ఫ్యాక్టరీకెందుకమ్మా అన్నాడు త్రినాథరావు.

అప్పుడు పక్కనే టైమాఫీసులో బర్నబా కుర్చీలోంచి లేచాడు. అతను లేవడమే ఓ వింత.

"గిదే ప్రోగ్రాం కొత్త దాంట్ల నడిస్తే?"

"నడిస్తే ఉంచుకోవయ్యా, నాకేం? సాయంత్రం నా కళ్ల ముందు నడవాలి. నడిస్తే సంతకం పెడతాను. లేకపోతే రేపటి నుంచి ఆరంటే ఆరే."

అరవై మంది విన్న మాట అది.

కొత్త కంప్యూటర్లు బిగించడానికి పటాన్‌చెరు దుకాణం వాళ్లు పంపిన పిల్ల హర్షిణి. పుట్టి పెరిగింది ఇస్నాపూర్‌లోనే. ఈ పాత ప్రోగ్రాంలో అంత గొప్పేముందని అడిగితే బర్నబా కథ ఎత్తుకున్నాడు. ఓ వానాకాలం కప్పు మీద పిడుగు పడిందట. ఆ దెబ్బకు కంప్యూటర్ మూడుసార్లు తుమ్మిందట. మూడో తుమ్ముకు ప్రోగ్రాంకు జ్ఞానం వచ్చి, ఆనాటి నుంచి మైలు దూరంలోనే బస్సు వాసన పడుతోందట. గుడ్ ఫ్రైడే నాడు ఉపవాసం కూడా ఉంటుందట.

హర్షిణి పడీ పడీ నవ్వింది. గడియారం పాతబడి గతి తప్పింది, అంతే అనుకుంది. కానీ ఆ నవ్వులోంచే పట్టుదల పుట్టింది. గేటు దగ్గరి అరవై మొహాలూ ఇస్నాపూర్ మొహాల్లాంటివే. పైగా మొండి ప్రోగ్రాం ముందు ఓడిపోతే తన చదువెందుకు?

పాత కంప్యూటర్ పొట్ట విప్పి డిస్కు తీసింది. అందులోదంతా ఎత్తి కొత్త కంప్యూటర్‌లో పోసింది. నేరుగా నడవనందున ఆ కొత్త కంప్యూటర్ కడుపులోనే ఉత్తుత్తి పాత కంప్యూటర్ ఒకటి కట్టింది. నువ్వు తొంభై ఎనిమిదో సంవత్సరంలోనే ఉన్నావని ప్రోగ్రాంను నమ్మించింది. వైర్ల దగ్గరికి పోబోతే మాత్రం బర్నబా అడ్డం పడ్డాడు.

"వైర్ల జోలికి రాకు బిడ్డా. ముసలి వైర్లు, కొత్త చెయ్యి పడితే అలుగుతయి. నేను సూసుకుంట."

అయిదింటికి నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి. ప్రోగ్రాం లేచింది.

ఆరుకు అయిదు నిమిషాలుందనగా త్రినాథరావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గేటు దగ్గర అరవై జతల కళ్లు ఈ గది కిటికీ మీదే. తెర మీద ఆరు పడింది. సైరన్ మోగలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. త్రినాథరావు గొంతు సవరించుకున్నాడు. హర్షిణి చెమటలు తుడుచుకుంటూ మౌస్ అందుకోబోయింది, చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కింద పడింది.

"ఆగు," అన్నాడు బర్నబా కిటికీ బయటికి చూస్తూ. "దాన్ని పరేషాన్ చెయ్యకు."

ఆరు దాటి నాలుగు నిమిషాలకు దూరాన మలుపు దగ్గర దుమ్ము లేచింది. కప్పు అదిరేట్టు సైరన్ మోగింది. గేటు తెరుచుకుంది. అరవై మందీ పరుగున పోయి బస్సెక్కారు. వనజ బస్సు కిటికీలోంచి చెయ్యూపింది.

"నాలుగు నిమిషాలు లేటు," అన్నాడు త్రినాథరావు. "దాని జబ్బంతా దీనికీ అంటించావమ్మా."

"అంటే అదే ప్రోగ్రాం నడిచినట్టే కద సార్," అంటూ హర్షిణి కాగితం ముందుకు చాపింది.

ఇచ్చిన మాట అరవై మంది విన్నది. గొణుక్కుంటూనే సంతకం గీకి వెళ్లిపోయాడు.

గెలిచిన సంబరంతో హర్షిణి స్క్రూడ్రైవర్ కోసం బల్ల కిందికి వంగింది.

అక్కడ సైరన్ మీట మీద బర్నబా కాలి బొటనవేలు ఉంది.