తెరచాప డ్యూటీ

గాలి ఉత్తరం నుంచి ఒక్కసారిగా విరుచుకుపడింది. తెరచాప కొయ్య కిర్రుమంది. ఉప్పాడలో చేపలవేట చేసిన ఏసోబు ఇక ఆలోచించలేదు.

"ముత్యం, తాడొదిలెయ్యరా. చాప దింపకపోతే మునిగిపోతాం."

జగిత్యాల పక్కనుంచి వచ్చిన ముత్యానికి సముద్రం తెలియదు. ఆ గొంతుకే భయపడి తాడు వదిలేశాడు. తెరచాప దబ్బున జారి ఇద్దరినీ కప్పేసింది.

గుడ్డ కిందనుంచి బయటికొచ్చేసరికి సూపర్‌వైజర్ అరుస్తున్నాడు. గెస్టులు ఫొటోలు తీసుకుంటుంటే చాప ఎవడు దింపమన్నాడని.

"ఇదెట్ల మునుగుతదన్నా?" అన్నాడు ముత్యం మెల్లగా. "కాంక్రీట్ల బోల్టులేసి బిగిచ్చిండ్రు గదా."

ఏసోబు కిందికి చూశాడు. ఖతార్‌లోని లుసైల్ హోటల్ ముందు అలంకారానికి నిలబెట్టిన పడవ అది. చుట్టూ పచ్చగడ్డి, ఫుట్‌బాల్ వరల్డ్ కప్ జెండాలు. వీసా మీద మాత్రం నావికుడని రాసుంది. కప్పు అయ్యేదాకా ఇంటికెళ్లడానికి సెలవు లేదని కంపెనీ ఉదయమే చెప్పింది.

అతను దిగి పడవ వెనక్కి నడిచాడు. ఉప్పాడ ఒడ్డున వేటకు దింపేటప్పటిలాగే వీపు ఆనించి, మడమలు గడ్డిలో దిగబడేలా తోశాడు. "హైలెస్సా" అన్నాడు.

ముత్యం కాసేపు పైనుంచి చూశాడు. తర్వాత తనూ దిగి పక్కనే వీపు ఆనించాడు.

"ఏ దిక్కు తోద్దామన్నా?"

"ఎటైనా పర్లేదు. నువ్వు తొయ్యి."

పడవ కదల్లేదు. గెస్టులు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు.

సూపర్‌వైజర్ కోపం దిగిపోయింది. "ఇది బాగుంది," అన్నాడు హిందీలో. "రేపట్నుంచి రోజూ సాయంత్రం ఇలాగే తొయ్యండి."