సొంత చెట్టు

"మామిడితోట మీదే టీచర్‌గారూ. కానీ ఈ ఏడు కాపు నేను కొన్నాను. కోత అయ్యేదాకా మీరు ఒక్క కాయ కూడా ముట్టుకోకూడదండీ," అన్నాడు రవికిరణ్. నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాడే. ఆవకాయకని తెచ్చిన ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాను.

ఇంతలో ఫోన్ చూసుకుని లబోదిబోమన్నాడు.

వాడికి ఆన్‌లైన్‌లో ఒక బొమ్మల లోకం ఉంది. అక్కడ స్థలం కొని, చిన్నరసం చెట్టు తయారుచేసుకున్నాడు. ఎవరో బయటివాళ్లు చేసిన యాప్‌తో దానికి కాపీ తీశాడట. దాంతో ఆ లోకాన్ని నడిపే కంపెనీ వాడి అకౌంట్ ఆపేసింది.

మెసేజ్ చదివి చెప్పాను. "చెట్టు నువ్వు చేసిందేరా, ఆకులు మాత్రం వేరేవాళ్లు చేసినవి. మొత్తం నీ చేతిపనైతేనే బయటి యాప్‌తో కాపీ తీయొచ్చట."

"స్థలం నాది, చెట్టు నాది! మధ్యలో వాళ్లెవరండీ? మీరే గట్టిగా ఒక అర్జీ రాసిపెట్టండి!"

ఏం రాయాలో పక్క ఊరు చాట్రాయి దాకా వినపడేలా చెప్పాడు. నేను పొల్లుపోకుండా కాగితం మీద ఇంగ్లీషులో రాశాను: 'చెట్టు ఎవరిదైతే, దాని మీదున్నదంతా వాళ్లదే. సొంతదారుణ్ణి ఆపే హక్కు ఎవరికీ లేదు.'

"అదిరింది టీచర్‌గారూ!" అంటూ కింద సంతకం చేశాడు. ఫోటో తీసి కంపెనీకి పంపాడు.

కాగితం మాత్రం నేను జాగ్రత్తగా మడిచి దాచుకున్నాను.

"ఇక కాయలు కోసే చిక్కం ఇలా ఇవ్వరా," అని సంచి విప్పాను.